అన్న కుడిచెయ్యి, నా ఎడమచెవి

మా అన్న పోయాడని వదిన ఫోన్ చేసినప్పుడు నేను మా అపార్ట్‌మెంట్ కింద ఒకడి మీద చెయ్యెత్తి ఉన్నాను. నా బండికి అడ్డంగా కారు పెట్టింది కాక, తీయమంటే నవ్వాడు. రెండో చేతిలో ఫోన్ మోగింది. వదిన రెండు ముక్కలే చెప్పింది. చెయ్యి దానంతటదే దిగిపోయింది. చచ్చిపోయి కూడా అన్న ఒకణ్ణి తన్నుల నుంచి తప్పించాడని బీదర్ బస్సులో కూర్చున్నాక అనిపించింది. వయసులో ఉండగా ఆయన అలాంటి పని చేసినట్టు నాకు గుర్తులేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బీదర్ గంజ్ బజారులో కూడా ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. 'పాత్రల సేటు' అనేవారు, అదీ ఒకసారి చుట్టూ చూసుకుని. మా తాత జహీరాబాద్ నుంచి వచ్చి పెట్టిన పాత్రల దుకాణం మాది. నాన్న పోయేనాటికి అన్నకు ఇరవై రెండేళ్లు, నాకు తొమ్మిది. దుకాణమూ, అమ్మా, నేనూ ఒకేరోజు ఆయన చేతిలో పడ్డాం. ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పడానికే ఇదంతా.

చప్పుడంటే గిట్టని మనిషికి పాత్రల దుకాణం అప్పజెప్పిన దేవుడి వేళాకోళాన్ని ఏమనాలి? పళ్లెం మీద చెంచా గీరుకున్నా, ఎవడైనా చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినా, సాసర్‌లో పోసుకున్న చాయ్ జుర్రుమని పీల్చినా ఆయన మెడ మీద ఒక నరం లేచేది. నరం తర్వాత చెయ్యే. మధ్యలో మాట ఉండదు. బీదర్ మీద రోజూ గిరికీలు కొట్టే శిక్షణ విమానాలను మాత్రం ఏమీ చేయలేక, దుకాణం మెట్టు మీద నిలబడి ఆకాశంకేసి గుడ్లురిమేవాడు. అందితే వాటినీ కొట్టేవాడే, నాకు అనుమానం లేదు.

ఒకసారి లారీ మీద నుంచి స్టీలు బిందెల మూట దింపమంటే క్లీనర్ బద్ధకించి పైనుంచి నేల మీదికి విసిరాడు. ఆ మోతకి వీధిలో కుక్కలు లేచి పరిగెత్తాయి. అన్న కౌంటర్ మీది ఇత్తడి చెంబు తీసుకుని, మెట్లు దిగి, వాడి మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడి మెట్టు మీద పడ్డాయి. డ్రైవర్ ఇనుప కడ్డీ పట్టుకుని దూకితే ఆ కడ్డీ లాక్కుని దాంతోనే వాడి మోచెయ్యి విరగ్గొట్టాడు. నలుగురు హమాలీలు మీద పడి అదిమితే గాని ఆగలేదు. అదే సాయంత్రం దుకాణం వెనక గదిలో ఆ క్లీనర్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అన్న పెరుగన్నం మెత్తగా పిసికి, ముద్దలు చేసి, నెత్తురు ఆరని ఆ నోట్లో పెడుతున్నాడు. వాడు ఏడుస్తూ తింటున్నాడు. అన్న ఏడుస్తూ పెడుతున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నన్ను పిలిచి చెప్పాడు.

"కొట్టిన చెయ్యే పెట్టాలె తమ్మీ. గప్పుడే అది మనిషి చెయ్యి అయితది."

ఇదే ఆయన వేదం. ఎవరిని కొట్టినా పొద్దుగూకేలోపు వాళ్లకు ఆ చేత్తోనే తినిపించేవాడు. హమాలీలు దీన్ని కూడా హాస్యం చేసుకున్నారు. నరం లేవడం చూస్తే చాలు, "సేటు ఇయ్యాల ఎవనికో దావత్ ఇచ్చేతట్టున్నడు, జరగుండ్రి" అని పక్కకు తప్పుకునేవారు. నాకైతే నవ్వు వచ్చేది కాదు. ఆ దావత్‌లు ఎక్కువ తిన్నది నేనే.

ఆయన చేతి దెబ్బ తినని మనిషి బజారులో ఒక్కడే ఉన్నాడు. మా దుకాణం పక్కనే కొలిమి పెట్టుకుని గిన్నెలకు కళాయి పూసే ముసలాయన. అందరం చాచా అనేవాళ్లం. చాచా దగ్గర రెండు కంచు గిన్నెలు ఉండేవి. ఒకే అచ్చులోవి, కాని ఒకదాని అంచు ఆయనే కాస్త ఆకురాయితో రాసి పల్చన చేశాడు. విడివిడిగా మోగిస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. రెండూ ఒకేసారి మోగిస్తే మాత్రం శబ్దం నిలకడగా ఉండదు. పెరుగుతూ తగ్గుతూ, ఉయ్యాల మాదిరి ఊగుతుంది. అన్న మెడ నరం లేస్తే చాచా ఒక్క మాటైనా మాట్లాడకుండా ఆ రెండు గిన్నెలూ మోగించేవాడు. అన్న ఉన్నచోటే నిలబడి కళ్లు మూసుకునేవాడు. ఆ ఊపు సన్నబడి ఆగిపోయేసరికి నరం దిగేది. చాచా నమాజుకు పోయిన సమయంలోనే మా బజారులో ఎక్కువ మందికి దెబ్బలు తగిలేవి.

నా వంతు దెబ్బ పదమూడో ఏట తగిలింది. అంతకుముందువి లెక్కలోకి రావు. అది నేను కోరి తెచ్చుకున్నదే. స్కూల్లో ఎవరో నన్ను 'పాగల్ సేటు తమ్ముడు' అన్నారు. ఆ కసితో ఇంటికొచ్చి, అన్న అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, మేకుతో స్టీలు పళ్లేన్ని గీరాను. ఒకసారి కాదు, ఆయన కళ్లలోకి చూస్తూ మూడుసార్లు. ఎంగిలి చెయ్యి గాల్లో లేచింది. ఎడమ చెంప, ఎడమ చెవి కలిపి పడింది. నేను వెళ్లి బిందెల వరస మీద పడ్డాను, బిందెలన్నీ కూలాయి, ఆ మోతకు ఆయనకు ఇంకా పిచ్చెత్తింది. జుట్టు పట్టి లేపి అక్కడే రెండో దెబ్బ వేశాడు. అమ్మ అడ్డం వస్తే తోసేశాడు, ఆమె నుదురు గడపకు తగిలి చిట్లింది. నా చెవిలోంచి సన్నగా నెత్తురు కారి చొక్కా కాలర్‌లోకి దిగింది.

ఆ తర్వాత ఇరవై రోజులు ఆయన చేసింది కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. రోజూ మధ్యాహ్నం దుకాణం సగం మూసి ఇంటికి వచ్చేవాడు. నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు నల్లగా వేయించి, ఆ నూనె తన చేతి వెనక వైపు వేసుకుని వేడి చూసుకుని, నా తల తొడ మీద పెట్టుకుని, ఎడమ చెవిలో చుక్కచుక్కగా వేసేవాడు. వేస్తూ ఏదో గొణిగేవాడు. అది మంత్రమో, మొక్కో, తిట్టో నాకు తెలియదు. కుడి చెవి ఆయన తొడకు అదిమి ఉండేది, ఎడమ చెవి నిండా నూనె. మాట ఎలా వినబడుతుంది? కాని అంత మెత్తటి చెయ్యి నా మీద అంతకుముందూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు. నా చిన్నతనంలో మంచిరోజులు ఏవంటే నేను ఆ ఇరవై రోజులే చెబుతాను. చెవి చీము పట్టి చాలాకాలం కారింది. కారి కారి ఎండిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాం.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు కుప్పలుగా దొరికిన రోజుల్లో నాకూ ఒక కంపెనీలో ఒకటి దొరికింది. బీదర్ నుంచి బయటపడ్డానని సంబరపడ్డాను. చెయ్యి మాత్రం నాతోనే వచ్చింది. పక్క సీటువాడు రోజంతా పెన్ను టకటకలాడిస్తాడు. రెండు నెలలు ఓర్చుకుని, మూడో నెలలో కీబోర్డు ఊడబెరికి వాడి నెత్తి మీద విరగ్గొట్టాను. నాలుగు కుట్లు పడ్డాయి. వేరే రోజులైతే జైల్లో వేసేవాళ్లేమో. మనుషులు చాలని రోజులు కాబట్టి క్షమాపణ రాయించుకుని, కోపం తగ్గించే కౌన్సిలర్ మేడం దగ్గరికి పంపారు.

ఆవిడ ఒక సీడీ, చెవులను పూర్తిగా మూసే ఒక హెడ్‌ఫోన్ ఇచ్చింది. ఒక చెవిలో ఒక స్వరం, రెండో చెవిలో దానికంటే రవ్వంత హెచ్చు స్వరం వస్తాయట. తలలో అవి రెండూ కలిసి, ఆ తేడా ఎంతో అంత మెల్లగా ఒక ఊపు పుడుతుందట. ఆ ఊపు సీడీలో ఉండదు, బయట గాలిలో ఉండదు, మెదడు తనకు తాను కల్పించుకుంటుంది. మెదడులో ఎప్పుడూ అలలు నడుస్తుంటాయని, కోపంలో ఒక వేగం, నిమ్మళంలో ఒక వేగం, నిద్రలో ఇంకా నిదానమని, ఈ ఊపు వెంట ఆ అలలు కూడా నిదానిస్తాయని కొందరు నమ్ముతారని చెప్పింది. అందరికీ పనిచేస్తుందని రుజువేం లేదు, విని చూడండి అంది. నెలరోజులు విన్నాను. పాత ఫ్రిజ్ మోగినట్టు ఊఁ అని ఒకటే మోత. ఊపూ లేదు, పాడూ లేదు. ఇదంతా బూటకమని తేల్చి సీడీని డ్రాయర్‌లో పడేశాను.

అప్పుడే బీదర్‌లో వదిన మణికట్టు విరిగింది. కుక్కర్ మూత చెయ్యి జారి పడ్డ చప్పుడుకు అన్న విరిచిన మణికట్టు అది. కట్టు కట్టించుకొచ్చాక, అలవాటు ప్రకారం, ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాడు. వదిన నిమ్మళమైన మనిషి, పదేళ్లలో ఒక్కసారి గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు.

"కొట్టుడు ఎట్లనో ఓర్చుకున్న. గీ ముద్ద మింగుడు ఇగ నాతోని కాదు. నీ చెయ్యి ఆగినంక చెప్పు, వస్త," అంది.

కూతుర్ని తీసుకుని జహీరాబాద్ పుట్టింటికి వెళ్లిపోయింది. కొట్టావన్నందుకు కాదు, పెట్టిన ముద్ద వద్దన్నందుకు అన్న కుంగిపోయాడు. నాకు ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి నన్ను ఒకటి అడిగాడు. మీ హైదరాబాద్‌లో ఈ చేతికి ఏమన్నా మందు దొరుకుతుందా అని. నా దగ్గర ఉన్నది ఆ పనికిరాని సీడీ ఒక్కటే. అదీ, దాని ప్లేయరూ, హెడ్‌ఫోనూ పట్టుకుని ఆదివారం బస్సెక్కాను.

అన్న మొదట పెట్టుకోగానే హెడ్‌ఫోన్ పీకి గోడకేసి కొట్టాడు. ఒక డొప్ప చీలితే చాచా కళాయి కొలిమి దగ్గర లక్కతో అతికించి ఇచ్చాడు. మళ్లీ పెట్టాను. బజారు సెలవు, దుకాణంలో మేమిద్దరమే. బయట మెట్టు మీద చాచా. అన్న కళ్లు మూసుకున్నాడు. పైన విమానం పోయింది, ఆయన కదలలేదు. చూస్తూండగానే మెడ నరం దిగిపోయింది. చాలాసేపటికి కళ్లు తెరిచి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఊగుతాంది తమ్మీ. చాచా గిన్నెల తీరుగనే. గిన్నెలది బయట ఊగుతది, ఇది దిమాఖ్ లోపట ఊగుతాంది."

నాకు ఒళ్లు మండింది. నెలరోజులు విన్నవాణ్ణి నేను. ఊగడం లేదు గీగడం లేదు, ఒకటే మోత అని తెగేసి చెప్పాను. అన్న నవ్వు ఆగింది. గిన్నె మీద వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టి, ఆ పలుకును బట్టి పగులు ఎక్కడుందో చెప్పే మనిషి ఆయన. లేచి బయటికెళ్లి చాచా కంచు గిన్నెలు తెచ్చాడు. రెండూ మోగించి, ఊగుతోందా అని అడిగాడు. ఊగుతోందన్నాను. హెడ్‌ఫోన్ నా తలకు పెట్టి, ఊగుతోందా అన్నాడు. లేదన్నాను. ఎడమది కుడికి తిప్పి పెట్టాడు. స్వరం రవ్వంత మారింది గాని, అదే ఒంటి మోత. అప్పుడు కుడి చెవి మీది డొప్ప పక్కకు లాగి, ఆ చెవిని తన అరచేత్తో గట్టిగా మూసి, నోరు కదిలించాడు. నాకు ఏమీ వినబడలేదు. చెయ్యి తీశాక, సీడీ ఆగిపోయిందా అని అడిగాను.

"ఆగలె," అన్నాడు అన్న. "నడుస్తనే ఉంది."

ఇన్నేళ్లూ తెలియదా అంటే, తెలియలేదు. ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేవాణ్ణి. మీటింగులో ఎడమ చివర కుర్చీయే వెతుక్కునేవాణ్ణి. నడిచేటప్పుడు ఎవరైనా ఎడమ పక్కకొస్తే నేనే అటు తిరిగి మారేవాణ్ణి. అవన్నీ నా అలవాట్లనుకున్నాను. గిన్నెల ఊపు గాలిలోనే తయారై వస్తుంది, దాన్ని వినడానికి ఒక చెవి చాలు. ఇది తలలో పుట్టాలంటే రెండూ కావాలి. అది నాకంటే ముందు అన్నకు అర్థమైంది. ఏ చెవో, ఏ రోజో, ఏ చెయ్యో ఆయనను అడగాల్సిన పని లేదు.

ఆయన కౌంటర్ వెనక్కి వెళ్లాడు. అల్మారాలో అమ్మకానికి పెట్టిన ఇత్తడి రోకలిని ఎడమ చేత్తో తీశాడు. కుడిచెయ్యి కౌంటర్ మీద పరిచాడు. నేను లేచేలోపు మొదటి దెబ్బ పడింది. వేళ్లు విరిగిన చప్పుడు కుడి చెవికి బాగానే వినబడింది. వెనక నుంచి పట్టుకుంటే మోచేత్తో నా ముక్కు పగలగొట్టాడు. రెండో దెబ్బ. చాచా పరిగెత్తుకొచ్చి, తన ముసలి శరీరాన్ని ఆ చేతి మీద అడ్డం పడేశాడు. మూడోది చాచా భుజం పక్కనుంచి కౌంటర్ అద్దం మీద పడి, అద్దం మా ముగ్గురి మీదా పగిలింది. అన్న నోట్లోంచి మూలుగు కూడా రాలేదు. చాచాను దాదాపు కొట్టబోయానని తెలిశాక రోకలి దానంతటది జారింది.

ఆసుపత్రిలో ఆయన చేతికి ఒక గదిలో కట్టు కడుతుంటే, ఇంకో గదిలో చెవి డాక్టర్ నన్ను చూశాడు. వినబడని ఎడమ చెవిలోకి దీపం వేసి చూసి, చిన్నప్పుడు ఏం జరిగిందని అడిగాడు. చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. దెబ్బకు కర్ణభేరి చిరిగి ఉంటుందట. చాలావరకు ఆ చిరుగు వదిలేస్తే తనంతట తానే మూసుకుంటుందట. ఆ చిరుగులోంచి రోజూ వెల్లుల్లి నూనె లోపలికి పోవడంతో చీము పట్టి, అది లోతుకు దిగి వినికిడిని తినేసి ఉంటుంది, చిల్లు ఇప్పటికీ ఉంది, ఇకమీద నూనె చుక్క కూడా వేయొద్దు అన్నాడు. చెయ్యి చెవిని చీల్చింది. చంపింది మాత్రం ఆ ఇరవై మధ్యాహ్నాలు.

వరండాలో బెంచీ మీద అన్న కూర్చుని ఉన్నాడు. మోచేతిదాకా తెల్లటి కట్టు. నన్ను చూసి పక్కకు జరిగాడు, కుడి వైపు చోటు వదిలి కాదు, ఎడమ వైపు వదిలి, అంటే ఆయన మాట నా మంచి చెవిలో పడేలా.

"డాక్టర్ ఏమన్నడు? నా దెబ్బకేనా?"

"దెబ్బకే అన్నా."

ఆయన తల ఊపాడు. నూనె సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఈ అబద్ధం ప్రేమతో చెప్పానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సగం కసి. దెబ్బ వేసినవాడు దెబ్బను మోయాలనిపించింది. మిగతా సగం మాత్రం ఆ నూనె కోసం. ఆయన దగ్గర అంత మంచిది అదొక్కటే ఉంది. నా దగ్గరా అదొక్కటే ఉంది. దాన్ని ఎవరు పారేస్తారు?

తర్వాత ఆయన కొట్టలేదు. వంకరగా అతుక్కున్న ఆ కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. గల్లా దగ్గర రోజంతా అలాగే, చేతి మీద కూర్చుని. మధ్యాహ్నం ఒకసారి ఆ అతుకుల హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడు. కోపం తగ్గింది సీడీ వల్లో, విరిగిన వేళ్ల వల్లో, నా అబద్ధం వల్లో నేను చెప్పలేను. ఏడాది చూసి వదిన తిరిగొచ్చింది.

ఒకసారి ఔరాద్ నుంచి ఒకాయన కూతురి పెళ్లికి పాత్రలు కొన్నాడు. మొదటి కలశం చెంబును అన్న ఎడమ చేత్తో అందించాడు. శుభమా అని పెళ్లికి కొంటుంటే ఎడమ చేత్తో ఇస్తావా అని ఆయన మండిపడ్డాడు. కన్నడంలో మొదలై మరాఠీలోకి దిగిన తిట్లు. అన్న వినయంగా క్షమించమన్నాడే గాని కుడిచెయ్యి తీయలేదు. పొగరనుకుని ఆ పెద్దమనిషి కాలర్ పట్టి లాగి చెంప మీద కొట్టాడు. రెండుసార్లు. నేను అక్కడే ఉన్నాను, నా చెయ్యి లేచింది. అన్న కళ్లతోనే వద్దన్నాడు. మెడ నరం లేచి ఉంది, తాడులా. తొడ కింద చెయ్యి అదురుతుంటే ఆయన కూర్చున్న గాదీ కదలడం నాకు కనబడింది. అయినా తీయలేదు. పెదవి చిట్లి నెత్తురొస్తే ఎడమ చేత్తోనే తుడుచుకున్నాడు.

కాని పెట్టడం కూడా మానేశాడు. ఎవరికీ, సొంత కూతురికి కూడా, మళ్లీ ఒక్క ముద్ద ఆ చేత్తో తినిపించలేదు. కొట్టని చేతికి పెట్టే హక్కు ఎక్కడిదనుకున్నాడో ఏమో. ఊరంతా సేటు మారాడని మెచ్చుకుంది. నేను మెచ్చుకోలేకపోయాను. ఆ చేతిని నేనే ఒక్క మాటతో తొడ కింద పాతిపెట్టాననిపించేది.

కిందటి నెల చూడడానికి వెళ్లాను. కిడ్నీలు పోయి, మంచానికి చేరగిలబడి కూర్చున్నాడు. కుడిచెయ్యి అప్పుడూ తొడ కిందే. ఒంట్లో శక్తి లేదు, ఈగను కూడా కొట్టలేడు, అయినా కిందే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. వెళ్లి పక్కన కూర్చుని, "అన్నా, చెవి సలుపుతాంది" అన్నాను.

ఆయన నా ఎడమ చెవి వైపు చూశాడు. తర్వాత వదినను పిలిచి నువ్వుల నూనె, వెల్లుల్లి అన్నాడు. వదిన నన్ను చూసింది, నేను తల ఊపాను. నూనె కాగి వచ్చేసరికి నా తల ఆయన తొడ మీద ఉంది, ఎడమ చెవి పైకి. తొడ కింద నుంచి ఆ చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. వంకర వేళ్లతో చెంచా పట్టలేక సగం నూనె నా చెంప మీద ఒలికింది. మిగతా సగం గోరువెచ్చగా లోపలికి దిగింది. ఆయన గొణుగుతున్నాడు. తొడ సన్నగా అదరడం కుడి చెవికి తెలుస్తోంది, మాట తెలియడం లేదు. ఏమంటున్నావని అడిగితే ఆగిపోతాడేమోనని అడగలేదు.

నేను ఊహించినట్టే మర్నాటి నుంచి చీము పట్టింది. ఎవరికీ చెప్పకుండా దూది పెట్టుకుని తిరిగాను. వదిన ఫోన్ వచ్చిన రోజున కూడా ఎడమ చెవిలో దూది ఉంది.